ఈసారి ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ క్షేమంగా కొత్త ఇంటికి చేరాలంటే ఎలా?

మూడో అంతస్తు:

ఇంకో 9 రోజుల్లో ఇల్లు మారుతున్నాం. ఇప్పుడున్నది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కొత్త ఇల్లు 400 కిలోమీటర్ల దూరంలో ఉంది. లారీ రాత్రంతా నడిచి తెల్లవారేసరికి చేరుతుంది. పుస్తకాలు, గిన్నెలు, బట్టలు సర్దడం నాకు అలవాటే. పెద్ద యంత్రాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేయి ఆడడం లేదు. పోయినసారి జరిగిన నష్టమే దానికి కారణం.

నాలుగేళ్ల క్రితం ఇల్లు మారినప్పుడు అంతా సామాను తరలించేవాళ్లకే వదిలేశాం. ఫ్రిజ్‌ను మెట్ల మలుపులో వెల్లకిలా తిప్పి దించారు, లారీలోనూ అలాగే పడుకోబెట్టారు. ఇంట్లో దింపిన అరగంటకు నేనే ప్లగ్గు పెట్టాను. మొదటి రోజంతా గరగరమంటూ నడిచింది. వారం తిరగకుండానే కంప్రెసర్ పోయింది. అప్పటికి కొని ఏడాదే అయిన వాషింగ్ మెషీన్‌దీ అదే కథ. ప్రయాణానికి ముందు వెనక బోల్టులు బిగించాలని మాకు తెలియదు. కొత్త ఇంట్లో మొదటిసారి బట్టలు పిండే దశకు రాగానే లోపల బండరాళ్లు దొర్లిస్తున్నట్టు చప్పుడు మొదలైంది. మెషీన్ గోడ దగ్గరి నుంచి జానెడు ముందుకు జరిగి వచ్చింది. లోపలి టబ్బు ఊపును అణచే రెండు డ్యాంపర్లు మార్పించాల్సి వచ్చింది.

ఈసారి డబ్బు నష్టం ఒక్కటే నా భయం కాదు. అమ్మ రెండేళ్లుగా ఇన్సులిన్ తీసుకుంటోంది. నెలకు సరిపడా మందు ఎప్పుడూ ఫ్రిజ్‌లో ఉంటుంది. ఫ్రిజ్ రెండు రోజులు ఆగిపోతే దాన్ని ఎక్కడ పెట్టాలి? కొత్త ఊళ్లో మాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు.

మా ఇంట్లో ఉన్నవి ఇవీ: పాతది పోయాక కొన్న రెండు తలుపుల ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్, డ్యాంపర్లు మార్చిన ఆ ఫ్రంట్‌లోడ్ వాషింగ్ మెషీన్, ఒక స్ప్లిట్ ఏసీ. ఫ్రిజ్‌ను ఎంత ముందుగా ఆపాలి? మా మెట్ల మలుపు ఇరుకు, అక్కడ కొద్దిగా వాల్చినా ప్రమాదమేనా? చేరాక ఎంతసేపు ఆగి ప్లగ్గు పెట్టాలి? ఒకరు 2 గంటలంటున్నారు, ఒకరు 24 గంటలంటున్నారు. వాషింగ్ మెషీన్ బోల్టులు ఎక్కడ పెట్టామో గుర్తులేదు. అవి దొరకకపోతే ఏమిటి దారి? దయచేసి కారణంతో సహా చెప్పండి. కారణం తెలిస్తే మోసేవాళ్లకు నేను గట్టిగా చెప్పగలను.

పాత మెకానిక్:

అమ్మా, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు బాగుచేస్తూ 31 ఏళ్లు గడిపాను. నేను పని నేర్చుకున్న రోజుల్లో ఫ్రిజ్‌లలో చల్లబరిచేందుకు ఆర్ 12 గ్యాస్ ఉండేది. అది ఓజోన్ పొరను తింటుందని 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరాక క్రమంగా తప్పుకొంది. తర్వాత ఆర్ 134ఎ వచ్చింది. ఇప్పుడు ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్ 600ఎ, అంటే ఐసోబ్యూటేన్ ఉంటోంది. గ్యాస్‌లు మారాయి గాని, ఇల్లు మారిన మర్నాడు వచ్చే ఫిర్యాదులు మాత్రం మారలేదు. చల్లబడడం లేదు, చప్పుడు చేస్తోంది, నీళ్లు కారుతున్నాయి. బయట దెబ్బ తగిలి వచ్చినవి వీటిలో తక్కువే. లోపల వేలాడే భాగాన్ని ఊగనిచ్చినందుకు, లోపలి ద్రవాన్ని దారి తప్పనిచ్చినందుకు వచ్చినవే ఎక్కువ. ఈ రెండూ దృష్టిలో పెట్టుకుంటే ఏ యంత్రం ముందు నిలబడినా ఏమి చేయాలో మీకే తోస్తుంది.

ముందు ఫ్రిజ్. వెనక అడుగున నల్లటి కుండలా కనిపించేది కంప్రెసర్. దాని లోపల మోటారు, పిస్టన్ కలిసి స్ప్రింగుల మీద కూర్చుని ఉంటాయి. కుండ అడుగున నూనె ఉంటుంది. ఫ్రిజ్ నిలబడి ఉన్నంతసేపు ఆ నూనె తన చోటే ఉండి, తిరిగే భాగాలకు అందుతుంది. వెల్లకిలా పడుకోబెడితే గొట్టాల్లోకి పారుతుంది. ఆ స్థితిలో ప్లగ్గు పెడితే బేరింగులు ఎండిపోయి తిరుగుతాయి. గ్యాస్‌ను నొక్కడానికి చేసిన పిస్టన్ నూనెను నొక్కబోతుంది. ద్రవం గ్యాస్‌లా కుంచించుకుపోదు కదా, పలుచని రేకు కవాటాలు విరుగుతాయి. ఇంకొంత నూనె ముందుకు పోతే క్యాపిలరీ గొట్టంలో అడ్డుపడుతుంది. ఆ గొట్టం రంధ్రం వెడల్పు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఇక గతుకుల దారిలో గంటలకొద్దీ పడుకుని ప్రయాణిస్తే లోపలి మోటారు స్ప్రింగుల మీది నుంచి తప్పుకోవచ్చు. అప్పుడు ఎన్ని గంటలు నిలబెట్టినా అది తిరిగి సర్దుకోదు. చూడకుండా తేల్చి చెప్పడం నా పద్ధతి కాదు గాని, మీ పాత ఫ్రిజ్ నడిచిన తీరు వింటుంటే ఈ రెండింట్లో ఒకటి జరిగిందనే అనిపిస్తోంది.

కాబట్టి మీకు చెప్పిన రెండు గడువులూ అబద్ధం కావు, రెండు వేర్వేరు సందర్భాలవి. దారి పొడవునా నిలబడే వస్తే, దింపాక రెండు మూడు గంటలు ఆగితే సరిపోతుంది. పడుకుని వస్తే, ఎంతసేపు పడుకుందో కనీసం అంతసేపు నిలబెట్టాలి. రాత్రంతా పడుకుంటే ఒక పగలూ రాత్రీ వదిలేయడమే మంచిది. ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకంలో ఇంకేదైనా గడువు రాసి ఉంటే అదే పాటించండి. మెట్ల మలుపులో కాసేపు వాల్చితే ఏమీ కాదు. 45 డిగ్రీల లోపు ఉంచమని చెప్పండి. ఏ దారీ లేక పడుకోబెట్టాల్సి వస్తే పక్కకే వాల్చాలి, వీపు మీద వద్దు, తలుపు మీద అసలే వద్దు. ఏ పక్కకు అంటారా? కంప్రెసర్ దగ్గర టార్చి వేసి చూడండి. గొట్టాలు దానికి అతికిన వైపు పైకి రావాలి. నూనె పల్లానికి పోతుంది, గొట్టాలు ఎత్తున ఉంటే వాటిలోకి ఎక్కదు.

ఫ్రిజ్‌ను ఒక రోజు ముందు ఆపండి. ఫ్రాస్ట్‌ఫ్రీ కదా, లోపల మంచు కనిపించడం లేదు కదా అని చివరి గంటలో ప్లగ్గు తీయకండి. మంచు ఉంటుంది, ఫ్రీజర్ వెనక పలక చాటున ఉంటుంది. అది కరిగి వెనక, కంప్రెసర్ పైనున్న చిన్న తొట్టిలోకి దిగుతుంది. మామూలు రోజుల్లో కంప్రెసర్ వేడికి ఆ నీళ్లు ఆవిరైపోతాయి. ఆపేసిన ఫ్రిజ్‌లో అలాగే నిలుస్తాయి. మెట్ల మీద వాల్చగానే కింద మోస్తున్న మనిషి కాళ్ల ముందు ఒలుకుతాయి. తడి మెట్టు మీద అంత బరువుతో కాలు జారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నేను ఎవరి ఇంటికి వెళ్లినా మొదట చేయి పెట్టి చూసేది ఆ తొట్టే. బయటికి వచ్చే రకమైతే తీసి పారబోయండి, రాకపోతే స్పాంజితో పీల్చండి.

పాత రకం ఫ్రిజ్ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. పేరుకున్న మంచును కత్తితో, స్క్రూడ్రైవరుతో పొడవకండి. ఆ మంచు కిందే పలుచని అల్యూమినియం గొట్టాలు ఉంటాయి. చిన్న చిల్లు పడినా గ్యాస్ అంతా పోతుంది. ఆర్ 600ఎ మండే గ్యాస్. వంటగ్యాస్‌లో కలిపినట్టు దీనిలో వాసన కలపరు, లీకైతే ముక్కుకు తెలియదు. వేడినీళ్ల గిన్నె లోపల పెట్టి తలుపు మూసి, నీళ్లు చల్లారినప్పుడల్లా మారుస్తూ ఉంటే మంచు దానంతటదే ఊడి వస్తుంది.

లోపలంతా తుడిచి, తలుపులు కొన్ని గంటలు తెరిచి ఆరనివ్వండి. తడితో మూసేస్తే రెండు రోజుల్లో బూజు వాసన పడుతుంది, ఆ వాసన రబ్బరు అంచుల్లోంచి ఒక పట్టాన పోదు. గాజు అరలు, సొరుగులు తీసి విడిగా గుడ్డల్లో చుట్టండి.

ఇక వాషింగ్ మెషీన్. ముందు తలుపు మెషీన్‌లో నీటి టబ్బు పైన స్ప్రింగులకు వేలాడుతుంది, కింద డ్యాంపర్ల మీద ఆనుతుంది. పిండేటప్పుడు ఎగిరిపడకుండా ఆ టబ్బుకు కాంక్రీటు దిమ్మెలు బిగించి ఉంటాయి. ఉయ్యాలకు బండరాయి కట్టి లారీ ఎక్కించినట్టు అనుకోండి, రాత్రంతా గతుకు గతుకుకీ అది పెట్టెను గుద్దుతూనే ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు వెనక మూడో నాలుగో పొడవాటి బోల్టులు బిగించి పంపేది ఆ ఉయ్యాలను కదలకుండా పట్టి ఉంచడానికే. అవి వెతకండి. వెనక గుండ్రటి ప్లాస్టిక్ మూతలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ఎన్ని బోల్టులు కావాలో తెలుస్తుంది.

నీళ్లు తీయడం మరచిపోవద్దు. ముందు కొళాయి కట్టేసి, మెషీన్‌ను కొన్ని సెకన్లు నడిపించి ఆపండి. గొట్టంలోని ఒత్తిడి తగ్గుతుంది, విప్పినప్పుడు ముఖాన చిమ్మదు. కింద కుడివైపో ఎడమవైపో చిన్న తలుపు ఉంటుంది, దాని లోపల పంపు ఫిల్టరు. వెడల్పాటి పళ్లెం పెట్టి మెల్లగా తిప్పండి. బట్టలు ఎండినా లోపల కొన్ని నీళ్లు మిగిలే ఉంటాయి, ఆశ్చర్యపోకండి. నీళ్ల గొట్టం చివర చిన్న రబ్బరు వాషరు ఉంటుంది. ఇల్లు మారాక కొళాయి దగ్గర నీళ్లు కారుతున్నాయని పిలిచినవాళ్లలో ఎంతోమందికి నేను బాగుచేసింది ఆ వాషరు ఒక్కటే. దాన్నీ గొట్టాన్నీ ఒకే సంచిలో వేసి డ్రమ్ములో పెట్టండి.

ఏసీని సొంతంగా విప్పకండి. దాని గ్యాస్ మొత్తం బయటి యూనిట్‌లోకి లాగి బంధించాలి. ఏసీని కూలింగ్‌లో నడుపుతూ సన్న గొట్టం కవాటం ముందు మూసి, గ్యాస్ బయటి యూనిట్‌లోకి చేరాక లావు గొట్టం కవాటం మూసి, వెంటనే ఆపాలి. పంప్ డౌన్ అంటారు. తెలిసినవాడికి కొద్ది నిమిషాల పని. తెలియనివాడు గొట్టం విప్పి గాలిలోకి వదిలేస్తాడు. ఆర్ 32 గ్యాస్ అయితే అది వాతావరణాన్ని కార్బన్ డయాక్సైడ్ కంటే 675 రెట్లు వేడెక్కిస్తుంది, కాస్త మండే గుణం కూడా ఉంది. విప్పాక రాగి గొట్టాల మూతులకు టేపు చుట్టించండి, దుమ్ము, తేమ పోకూడదు. కొత్త ఇంట్లో బిగించేటప్పుడు గొట్టాల్లోని గాలిని వాక్యూమ్ పంపుతో తీయాల్సిందేనని పట్టుబట్టండి. అది లేకుండా బిగిస్తానంటే ఒప్పుకోకండి.

లారీ వెనకాల:

పదిహేనేళ్లుగా ఇళ్లు తరలించే పనిలో ఉన్నాను. మెకానిక్ గారు లోపలి సంగతి చెప్పారు, నేను మెట్ల సంగతి చెబుతాను.

లారీ వచ్చాక కొలవడం మొదలుపెట్టకండి, ఈ రోజే కొలవండి. ఫ్రిజ్ వెడల్పు, లోతు, పిడులతో సహా. తర్వాత తలుపు చట్టం, మెట్ల వెడల్పు, మలుపులో మూల నుంచి మూలకు ఉన్న చోటు. కొత్త ఇంటి తలుపులు కూడా. ఫ్రిజ్ తలుపులు ఊడదీస్తే లోతు బాగా తగ్గుతుంది, కానీ పై తలుపు కీలులోంచి వైర్లు వెళ్లే రకమైతే తెలిసినవాళ్లే తీయాలి.

దింపేటప్పుడు కంప్రెసర్ ఉన్న అడుగు భాగం కింది మెట్టు వైపు ఉండాలి, బరువంతా అక్కడే ఉంటుంది. కింద పట్టుకున్నవాడి మీదే భారం పడుతుంది కాబట్టి ఇద్దరిలో బలమైనవాడు కింద ఉండాలి, పైనున్నవాడు మెట్టు మెట్టుకూ చెప్పాలి. మూడు అంతస్తులకు ముగ్గురుంటే మంచిది, మూడోవాడు మలుపుల్లో చేయి కలుపుతాడు. ట్రాలీ వాడితే ఫ్రిజ్ పక్క భాగాన్ని ఆనించాలి. వీపు ఆనిస్తే గొట్టాలు నలుగుతాయి. తలుపు పిడి పట్టుకుని ఎవరినీ ఎత్తనివ్వకండి.

తలుపులు మూసి ఉంచడానికి టేపు నేరుగా రంగు మీద అంటించకండి, తీసినప్పుడు జిగురు మిగులుతుంది, కొన్నిసార్లు రంగే లేచి వస్తుంది. దుప్పటి చుట్టి దాని మీద పట్టీ బిగించండి.

లారీలో ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ రెండూ డ్రైవరు క్యాబిన్ వైపు గోడకు ఆనించి నిలబెట్టాలి. ఒక పట్టీ మోకాలి ఎత్తున, ఒకటి భుజం ఎత్తున. ఒక్క పట్టీ నడుముకు కడితే బ్రేకు వేసినప్పుడు పైభాగం ఊగుతుంది. వాషింగ్ మెషీన్ పైన చదునుగా ఉంది కదా అని బరువైన పెట్టెలు పెడతారు, పై మూత సొట్ట పడుతుంది. పెట్టనివ్వకండి.

మోసేవాళ్లు పడుకోబెట్టడానికి కారణం ఒకటే, చోటు మిగులుతుంది. ఆ రోజు ఉదయం మాట్లాడితే లారీ అప్పటికే చిన్నది వచ్చి ఉంటుంది. బండి మాట్లాడుకునే రోజే చెప్పండి, ఫ్రిజ్ నిలబెట్టే తీసుకువెళ్లాలి అని. దాన్నిబట్టే బండి ఎత్తు చూసుకుంటారు.

రాత్రి డ్యూటీ:

నర్సుగా పనిచేస్తున్నాను. అమ్మగారి మందు గురించి రాస్తున్నాను, మిగతావి పెద్దలు చెప్పారు.

తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఇప్పుడు వాడుతున్న సీసా లేక పెన్ను మాత్రం ఎండ, వేడి తగలకపోతే గది ఉష్ణోగ్రతలో ఉండవచ్చు. చాలా రకాలకు ఆ గడువు 28 రోజులు, మీ రకానికి ఎంతో పెట్టెలోని కాగితం మీద ఉంటుంది. కాబట్టి ఆ రెండు రోజుల మోతాదు గురించి కంగారు పడకండి. తెరవనివాటిని మాత్రం మందమైన గోడలున్న ఐసు పెట్టెలో పెట్టి మీతోనే తీసుకువెళ్లండి, లారీలో పంపవద్దు. గడ్డకట్టిన ఐసు ప్యాకెట్టుకు మందు నేరుగా తగలకూడదు, మధ్యలో మందపాటి తువ్వాలు ఉండాలి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించవచ్చు, అయినా వాడకూడదు, పారేయాలి. వేడి కంటే ఈ పొరపాటే నేను ఎక్కువగా చూశాను.

కొత్త ఇంట్లో ఫ్రిజ్ వేయగానే మందు పెట్టేయకండి. లోపల నీళ్ల గ్లాసులో ఒక థర్మామీటరు ఉంచి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య స్థిరపడ్డాకే పెట్టండి. ఫ్రీజర్ గాలి వచ్చే రంధ్రానికి దగ్గరగా వద్దు.

మూడో అంతస్తు:

ముగ్గురికీ నమస్కారాలు. మీ మాటలు అమ్మకు చదివి వినిపించాను. ఇన్సులిన్ సంగతి విన్నాక తను నిన్న రాత్రి నిశ్చింతగా నిద్రపోయింది.

మలుపు కొలిచాను. ఫ్రిజ్ వాల్చితే సరిపోతుంది, పడుకోబెట్టక్కర్లేదు. బండివాళ్లకు ఫోను చేసి నిలబెట్టే సంగతి చెప్పాను, మొదట మాట్లాడిన బండికి బదులు ఎత్తున్నది పంపుతామన్నారు.

బోల్టుల దగ్గరే చిక్కు వచ్చింది. మెషీన్ వెనక మూతలు నాలుగు ఉన్నాయి. అమ్మ కుట్టు పెట్టెలో రెండు బోల్టులే దొరికాయి. మా పక్కింటాయన అదే లావున్న మామూలు బోల్టులు రెండు తెచ్చి బిగిద్దామంటున్నారు. మంచి మనసుతో అంటున్నారు, కానీ మిమ్మల్ని అడగకుండా బిగించాలని లేదు.

పాత మెకానిక్:

అడిగి మంచి పని చేశారు. దొరికిన బోల్టును చేతిలోకి తీసుకుని చూడండి. ఇనుప కడ్డీ చుట్టూ లావాటి ప్లాస్టిక్ లేక రబ్బరు తొడుగు ఉంటుంది. టబ్బుకూ వెనక రేకుకూ మధ్య ఖాళీని నింపి పట్టేది ఆ తొడుగే. మామూలు బోల్టుకు అది ఉండదు. బిగిస్తే వెనక రేకు లోపలికి వంగుతుంది, లేదా బోల్టు వదులుగా ఉండి టబ్బు ఊగుతుంది. పొడవు ఎక్కువైతే ప్లాస్టిక్ టబ్బుకే చిల్లు పడుతుంది. రెండే బిగించి పంపినా భారమంతా ఆ రెండు చోట్లే పడుతుంది, అది కూడా వద్దు.

మెషీన్ తలుపు అంచు మీద గాని వెనక గాని మోడల్ నంబరు ఉంటుంది. ఆ నంబరుతో కంపెనీ విడిభాగాల విభాగానికి ఫోను చేసి, రవాణా బోల్టులు పూర్తి సెట్టు కావాలని అడగండి. ఇంకా వారం ఉంది. సమయానికి అందకపోతే ఇది చేయండి: ప్లగ్గు తీసి, వెనక స్క్రూలు విప్పి పై మూత తీసి, టబ్బుకూ పెట్టె గోడలకూ మధ్య ఖాళీలో నాలుగు వైపులా పాత దుప్పట్లు, స్పాంజి ముక్కలు గట్టిగా కూరండి. వైర్లు నలగకుండా చూసుకోండి. బోల్టులంత భద్రం కాదు గాని ఊగడం బాగా తగ్గుతుంది. కూరిన గుడ్డలు ఎన్నో ఒక కాగితం మీద రాసి తలుపు అద్దానికి అంటించండి. ఒక్కటి లోపల మిగిలినా మెషీన్ నడపకూడదు.

టాప్‌లోడ్ ఉన్నవాళ్లకూ ఇదే. దానిలో టబ్బు నాలుగు కడ్డీలకు వేలాడుతుంది, పడుకోబెడితే కడ్డీలు తమ గుంటల్లోంచి తప్పుకుంటాయి. కొన్నప్పుడు టబ్బు చుట్టూ వచ్చిన తెల్లటి థర్మాకోల్ ముక్క దాచి ఉంటే అదే తిరిగి పెట్టండి, లేకపోతే దుప్పట్లు.

మూడో అంతస్తు:

చేరుకున్నాం. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, మాలాంటివాళ్లకు పనికొస్తుంది.

బోల్టుల సెట్టు ఐదో రోజున వచ్చింది. మెకానిక్ గారు చెప్పినట్టు తొడుగు చూడగానే, పక్కింటాయన బోల్టు ఎందుకు పనికిరాదో అర్థమైంది, ఆయనకూ చూపించాను. బిగించేటప్పుడు మూడు తేలిగ్గా వెళ్లాయి, నాలుగోది ఎంతకీ దిగలేదు. తమ్ముడు డ్రమ్మును లోపలి నుంచి పట్టుకుని కొద్దిగా ఎత్తితే రంధ్రం ఎదురుగా వచ్చింది, 13 మిల్లీమీటర్ల స్పానరుతో బిగించాం. ఫిల్టరు తిప్పితే ఒకటిన్నర చెంబుల నీళ్లు, రెండు గుండీలు, అమ్మ ఏడాదిగా వెతుకుతున్న చెవి పోగు వచ్చాయి. పోగు చూసి అమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ రోజు అంత పని మధ్యలోనూ మాకందరికీ సంతోషం వేసింది.

ఫ్రిజ్‌ను బయలుదేరే ముందురోజు సాయంత్రం 6 గంటలకు ఆపాను. తెల్లవారి చూస్తే వెనక తొట్టి దాదాపు నిండి ఉంది. అది పారబోయకుండా మెట్లు దింపి ఉంటే అని తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. దించేటప్పుడు రెండో అంతస్తు మలుపులో ఒకతను పడుకోబెడదామన్నాడు. కంప్రెసర్‌లో నూనె, సన్న గొట్టం, కవాటాలు అన్నీ చెప్పాను. అతను శ్రద్ధగా విని, మిగతావాళ్లకు తనే చెప్పి, వాల్చి తిప్పించాడు. ఇంతకాలం ఎవరూ తనకు కారణం చెప్పలేదన్నాడు.

లారీ ఉదయం 7 గంటలకు వచ్చింది. ఫ్రిజ్ నిలబడే వచ్చినా, నా మనసు ఒప్పక నాలుగు గంటలు ఆగి 11 గంటలకు దించిన చోటే ప్లగ్గు పెట్టాను. శబ్దం మామూలుగా ఉంది. రాత్రి 9 గంటలకు గ్లాసులోని థర్మామీటరు 5 డిగ్రీలు చూపింది. అమ్మ మందు తనే తీసుకెళ్లి లోపల పెట్టింది. ఏసీ ఇంకా బిగించలేదు, వాక్యూమ్ పంపు తెచ్చే మనిషి రేపు వస్తున్నారు.

వాషింగ్ మెషీన్ నాలుగు బోల్టులూ తీసి, మూతలు పెట్టి, లెక్కపెట్టుకున్నాకే నడిపాం. ఉతకడం బాగుంది. పిండేటప్పుడు మాత్రం కొద్దిగా వణుకుతోంది. మునుపటి చప్పుడు కాదు, టకటకమంటుంది. మళ్లీ డ్యాంపర్లేనా అని భయంగా ఉంది.

పాత మెకానిక్:

భయపడకండి. డ్యాంపర్ పోతే లోపలి నుంచి దబదబమని మోగుతుంది. టకటక అంటే పాదం నేలకు ఆనడం లేదని. మెషీన్ పై మూలలు ఎదురెదురుగా పట్టుకుని, ఒక్కో జంటను నొక్కి చూడండి. ఎటు ఊగితే అటు పాదం పొట్టిగా ఉన్నట్టు. ఆ పాదాన్ని తిప్పి నేలకు ఆనేలా దించండి. తర్వాత పాదం మీదున్న నట్టును మెషీన్ అడుగుకు తగిలేలా పైకి బిగించండి. అందరూ వదిలేసేది ఆ నట్టే. అది బిగించకపోతే నాలుగు ఉతుకులకు పాదం తిరిగి లోపలికి పోతుంది.

మూడో అంతస్తు:

వెనక ఎడమ పాదం. గాలిలోనే ఉంది. తిప్పి, నట్టు బిగించి, మూత మీద నిండు గ్లాసు నీళ్లు పెట్టి పిండే దశ నడిపాం. నీళ్లు అదిరాయి గాని చుక్క ఒలకలేదు. నాలుగు బోల్టులను గుడ్డ సంచిలో వేసి, మెషీన్ వెనక నీళ్ల గొట్టానికి కట్టేశాను. సంచి మీద అమ్మ తన చేత్తో రాసింది, ఇవి పారేయకండి అని.